ఉత్తర స్కాండినేవియాలో విద్యార్థిగా ప్రయాణం, ఫోటోగ్రఫీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకటి రెండు సెమిస్టర్ల చదువు కోసం స్వీడన్‌కో నార్వేకో వచ్చే తెలుగు విద్యార్థులు ఆగస్టులో దిగీ దిగగానే అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఇవే. స్వీడన్‌లోని లూలెయోలో చదువుకున్న రెండు చలికాలాల్లో నేను పదే పదే తిరిగింది లూలెయో నుంచి కిరునా, అబిస్కో మీదుగా నార్వేలోని నార్విక్ చేరే రైలు మార్గంలో కనుక, జవాబుల్లో చాలా భాగం ఆ మార్గం చుట్టూనే ఉంటుంది. వీసా, సుంకం, డ్రోన్ నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఆయా ప్రభుత్వ వెబ్‌సైట్లలో మరొక్కసారి సరిచూసుకోవాలి.

ఉత్తర స్కాండినేవియా అంటే ఎక్కడి నుంచి ఎక్కడి దాకా?

స్వీడన్‌లో నోర్‌బొట్టెన్, వెస్టర్‌బొట్టెన్ ప్రాంతాలు, నార్వేలో నూర్లాండ్, ట్రోమ్స్, ఫిన్‌మార్క్ ప్రాంతాలు దీని కిందికి వస్తాయి. ఖచ్చితంగా మాట్లాడితే ఫిన్లండ్ స్కాండినేవియాలో భాగం కాదు గానీ, యాత్రికులు రోవానియెమిని కూడా ఇందులో కలిపేసుకుంటారు. ఈ నేల మీద తరతరాలుగా ఉంటున్న సామీ ప్రజలకు ఇదంతా సాప్మీ, వారి దేశం. లూలెయో, ఊమియో నగరాలు ఆర్కిటిక్ వలయానికి దక్షిణంగానే ఉన్నాయి. అందువల్ల అక్కడ డిసెంబరులోనూ సూర్యుడు కొన్ని గంటలు కనిపిస్తాడు, వలయం దాటి కిరునా, ట్రోమ్సో చేరితేనే కొన్నాళ్ళపాటు పూర్తిగా కనుమరుగవుతాడు.

స్వీడన్ నివాస అనుమతి ఉంటే నార్వే వెళ్ళడానికి వేరే వీసా కావాలా?

అక్కర్లేదు. రెండు దేశాలూ ఐరోపా దేశాల మధ్య స్వేచ్ఛగా తిరగనిచ్చే షెంగెన్ ఒప్పందంలో ఉన్నాయి కనుక, చెల్లుబాటులో ఉన్న నివాస అనుమతి కార్డు, పాస్‌పోర్టు దగ్గరుంటే మిగతా షెంగెన్ దేశాల్లో అన్నీ కలిపి 180 రోజుల వ్యవధిలో 90 రోజుల దాకా తిరగవచ్చు. రైల్లో ఎవరూ అడగడం లేదని పాస్‌పోర్టును గదిలో వదిలి వెళ్ళకూడదు. కార్డు ఒక్కటే ప్రయాణ పత్రం కాదు. చాలామంది చిక్కుకునేది మరోచోట. కార్డు గడువు ముగిసి, పొడిగింపు దరఖాస్తు ఇంకా తేలని నెలల్లో స్వీడన్‌లో ఉండటానికి అభ్యంతరం ఉండదు గానీ, దాన్ని చూపించి సరిహద్దు దాటి తిరిగి రావడం కుదరదు. అబిస్కో నుంచి నార్విక్ రెండు గంటల ప్రయాణమే కదా అని ఆ రోజుల్లో రైలెక్కితే అది దేశం దాటడమే అవుతుంది. ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రంలో ఉన్న స్వాల్‌బార్డ్ దీవులు నార్వేవే అయినా షెంగెన్ బయట ఉన్నాయి. ఒక్కసారి ప్రవేశానికే చెల్లే వీసా మీద అక్కడికి వెళ్ళినవారు తిరిగి నార్వే ప్రధాన భూభాగంలో అడుగుపెట్టలేరు.

ఏ నెలలో వెళితే మంచిది?

ఏ ఫోటో కావాలో ముందు తేల్చుకుంటే నెల దానంతట అదే తేలుతుంది. ట్రోమ్సోలో నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు క్షితిజం దాటి పైకి రాడు. అంతమాత్రాన ఇరవైనాలుగు గంటలూ కటిక చీకటి అనుకోవద్దు: మధ్యాహ్నం పూట మూడు నాలుగు గంటలపాటు ఆకాశం దక్షిణాన గులాబీ రంగులోనూ ఉత్తరాన గాఢమైన నీలంలోనూ ఉంటుంది, మంచు ఆ నీలాన్నే పులుముకుంటుంది. ఆ వెలుగు నాకు అరోరా (ఉత్తరాది రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల కాంతి) కంటే ఎక్కువ నచ్చింది. మే చివరి నుంచి జూలై మధ్య దాకా అబిస్కోలో సూర్యుడు అస్తమించడు. అప్పుడు రాత్రి పదకొండు తర్వాత పడే ఏటవాలు వెలుగు చాలా బాగుంటుంది గానీ, జూన్ చివరి నుంచి దోమలు కెమెరా పట్టుకున్న చేతిని వదలవు.

ఒక్కసారే వెళ్ళగలిగితే మార్చిని ఎంచుకోమంటాను. పగలూ రాత్రీ సమానంగా ఉంటాయి, మంచు నిండుగా ఉంటుంది, చలి జనవరి అంత కఠినంగా ఉండదు. రెండోసారి వీలైతే సెప్టెంబరు రెండో మూడో వారం. బర్చ్ ఆకులు పసుపుపచ్చగా మారి ఉంటాయి, సరస్సులు ఇంకా గడ్డకట్టవు కనుక అరోరా నీళ్ళలో కూడా కనిపిస్తుంది.

అరోరా తప్పకుండా కనిపిస్తుందా? ఎన్ని రోజులు ఉండాలి?

తప్పకుండా అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. సూర్యుడి నుంచి వచ్చే విద్యుదావేశ కణాలు భూమి అయస్కాంత క్షేత్రం వెంట వచ్చి వాతావరణంలోని వాయువులను ఢీకొన్నప్పుడు ఈ కాంతి పుడుతుంది. సుమారు 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తులో ఆక్సిజన్ ఆకుపచ్చ రంగునూ, 200 కిలోమీటర్ల పైన అదే ఆక్సిజన్ ఎరుపునూ ఇస్తుంది. కింది అంచున కనిపించే ఊదా, గులాబీ రంగులు నైట్రోజన్‌వి. అబిస్కో, ట్రోమ్సో సరిగ్గా ఈ కాంతి వలయం కిందే ఉన్నాయి కాబట్టి, భూమి అయస్కాంత క్షేత్రంలోని అలజడిని సున్నా నుంచి తొమ్మిది దాకా చూపే కేపీ సూచీ ఒకటి రెండు ఉన్నా సరిపోతుంది. ఏడెనిమిది వస్తేనే బయటకు వెళ్ళాలనుకుని గదిలో కూర్చున్నవారు మంచి రాత్రులు పోగొట్టుకోవడం చూశాను.

అసలు అడ్డంకి మబ్బు. అబిస్కోకు పేరు వచ్చిందీ అందుకే: పడమటి పర్వతాలు సముద్రం మీది తేమను అడ్డుకోవడం వల్ల అక్కడ ఏడాదికి సుమారు 300 మిల్లీమీటర్ల వర్షపాతమే ఉంటుంది, టోర్నెట్రెస్క్ సరస్సు మీద ఆకాశం తరచుగా విచ్చుకుంటుంది. అందువల్ల వారం సెలవుల్లో నాలుగు ఊళ్ళు చుట్టే పథకం వేసుకోకుండా, ఒకే చోట కనీసం నాలుగు రాత్రులు ఉండటం మేలు. రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఎప్పుడైనా రావచ్చు. మొదట్లో కంటికి అది బూడిదరంగు మబ్బు చారలాగే ఉంటుంది. అనుమానం వస్తే ఫోన్‌తో ఒక ఫోటో తీసి చూడండి, అందులో ఆకుపచ్చగా వస్తే మబ్బు కాదు. ఏప్రిల్ మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా ఆకాశం చీకటి పడదు కాబట్టి ఆ నెలల్లో అరోరా ప్రసక్తే లేదు.

రైల్లో వెళ్ళాలా, విమానంలోనా?

విద్యార్థికి రైలే. స్టాక్‌హోమ్ నుంచి నార్విక్ దాకా రాత్రి రైలు ఉంది. దాదాపు 1500 కిలోమీటర్లు, ఆలస్యం లేకపోతే పద్దెనిమిది నుంచి ఇరవై గంటలు. ముందుగా బుక్ చేసుకుంటే టికెట్ చవక, అదీగాక ఒక రాత్రి హాస్టల్ అద్దె మిగులుతుంది. విద్యార్థి రాయితీకి స్వీడన్‌లో మెసెనాట్ కార్డు పనికొస్తుంది. ఐరోపాలో నివాసం ఉన్న భారతీయ పౌరులు కూడా ఐరోపా దేశాల రైళ్ళలో తిరగడానికి పనికొచ్చే ఇంటర్‌రైల్ పాస్ కొనవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. ట్రోమ్సోకు రైలు మార్గం లేదు. నార్విక్ నుంచి బస్సులో వెళ్ళాలి. నార్విక్ నుంచి మిగతా నార్వేకు కూడా పట్టాలు లేవు, ఆ స్టేషన్ స్వీడన్ వైపే తెరుచుకుంటుంది.

ఈ మార్గం ప్రయాణికుల కోసం వేసింది కాదు. కిరునా గనుల ఇనుప ఖనిజాన్ని చలికాలంలోనూ గడ్డకట్టని నార్విక్ రేవుకు చేర్చడానికి వేసిన మార్గం, 1903లో రాజు రెండవ ఆస్కార్ దీన్ని లాంఛనంగా ప్రారంభించాడు. నేటికీ 68 వ్యాగన్ల ఖనిజ రైళ్ళు పగలూ రాత్రీ నడుస్తాయి, ప్రయాణికుల రైలు వాటి కోసం పక్క పట్టాల మీద ఆగుతుంది. 2023 డిసెంబరులో ఖనిజ రైలు పట్టాలు తప్పి సుమారు రెండు నెలలపాటు మార్గం మూతపడింది. తెరిచిన కొద్ది రోజులకే 2024 ఫిబ్రవరిలో మళ్ళీ అదే జరిగింది. కాబట్టి తిరుగు ప్రయాణానికీ పరీక్షకూ మధ్య కనీసం ఒక రోజు ఖాళీ ఉంచుకోవాలి. కిరునా స్టేషన్ ఊరి బయట ఉంటుంది. రైలు దిగి ఊళ్ళోకి బస్సు ఎక్కాలి. ఆ ఊరు కూడా నిలకడగా లేదు. గని తవ్వకంతో నేల కుంగుతున్నందున కేంద్రాన్నే మూడు కిలోమీటర్లు తూర్పుకు జరిపారు, 1912 నాటి చెక్క చర్చిని 2025 ఆగస్టులో చక్రాల మీద ఎక్కించి రెండు రోజుల్లో ఐదు కిలోమీటర్లు తీసుకెళ్ళారు. పాత గైడు పుస్తకంలోని పటం పట్టుకుని ఫోటోలకు బయల్దేరితే ఖాళీ స్థలాలే కనిపిస్తాయి.

కారు అద్దెకు తీసుకోవచ్చా?

మంచు మీద ఎన్నడూ నడపనివారు మొదటి చలికాలంలో తీసుకోకపోవడమే మంచిది. భారతీయ లైసెన్సు ఎంతకాలం చెల్లుతుందన్నది స్వీడన్‌లో ఒకలా, నార్వేలో ఒకలా ఉంటుంది. నలుగురు కలిసి తీసుకుంటే, అరోరా కనిపించగానే రోడ్డు మధ్యలో ఆపి దిగవద్దు. వెనక వచ్చే లారీకి నల్ల కోటు వేసుకున్న మనిషి కనిపించడు. పార్కింగ్ గుర్తు ఉన్న చోటే ఆపాలి, బట్టల మీద వెలుగును తిప్పికొట్టే పట్టీ ఉండాలి.

ఫోన్ సరిపోతుందా? కెమెరా అయితే సెట్టింగులు ఏమిటి?

ఇటీవలి ఫోన్లలోని నైట్ మోడ్‌తో, ఫోన్‌ను కదలకుండా నిలబెట్టగలిగితే, జ్ఞాపకానికి సరిపోయే ఫోటో వస్తుంది. కెమెరా ఉంటే ట్రైపాడ్ తప్పనిసరి. వైడ్ లెన్సు, ఎఫ్ 2.8 లేదా అంతకంటే పెద్ద అపర్చరు, ఐఎస్ఓ 1600 నుంచి 3200, రా ఫార్మాట్. షట్టరు సమయం మాత్రం ఆకాశాన్ని చూసి మార్చుకోవాలి: కాంతి మందంగా కదలకుండా ఉంటే ఎనిమిది పది సెకన్లు, తెరలా ఊగుతుంటే రెండు సెకన్లు చాలు, అప్పుడు కూడా పది సెకన్లు పెడితే మడతలన్నీ కలిసిపోయి ఆకుపచ్చ ముద్ద మిగులుతుంది. ఆటోఫోకస్ చీకట్లో పనిచేయదు. తెర మీద ఒక నక్షత్రాన్ని పెద్దది చేసి, అది సూదిమొన అంత అయ్యేదాకా చేత్తో ఫోకస్ సరిచేసి, ఆ రింగు కదలకుండా చిన్న టేపు అంటించండి. నిండు చంద్రుడు ఉన్నాడని బాధపడనక్కర్లేదు, కొండల మీద మంచుకు వెలుగు ఇచ్చేది అతడే.

పగటి ఫోటోల్లో మంచు బూడిదరంగులో వస్తోందని చాలామంది అంటారు. కెమెరా ఎదురుగా ఉన్నదంతా సగటు బూడిదరంగు అనుకుని లెక్క వేస్తుంది కనుక, మల్లెపువ్వులాంటి పంచె మాసిన పంచెలా వస్తుంది. ఎక్స్‌పోజరును ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపుల దాకా పెంచితే తెలుపు తెలుపుగా వస్తుంది.

చలికి కెమెరా పాడైపోతుందా?

చలి వల్ల పాడవడం అరుదు; చలిలోంచి వెచ్చటి గదిలోకి తెచ్చినప్పుడే చేటు. మొదటి ఏడాది జనవరిలో, మైనస్ ఇరవై ఏడులో రెండు గంటలు నిలబడి, వేళ్ళు కొంకర్లుపోయి హాస్టల్ వంటగదిలోకి వచ్చాను. ఎవరో పాస్తా ఉడికిస్తున్నారు. కెమెరాను బల్ల మీద పెట్టిన అర నిమిషంలో లెన్సు, బాడీ, తెర అన్నీ తెల్లగా చెమ్మ పట్టాయి. తుడిచేసి మళ్ళీ బయటకు పరుగెత్తాను. ఆ చెమ్మ లెన్సు మీదే మంచు పొరలా గట్టిపడింది, ఫోకస్ రింగు బిగుసుకుపోయింది. ఆ రాత్రి పన్నెండున్నరకు ఆకాశం నిండా వచ్చిన అరోరాను చేతులు కట్టుకుని చూశాను.

కనుక లోపలికి రావడానికి ముందే, బయట ఉండగానే, కెమెరాను జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి గాలి తీసేసి మూయండి. చెమ్మ సంచి మీద పడుతుంది, లోపల పడదు. రెండు మూడు గంటలు తెరవకూడదు. ఫోటోలు వెంటనే చూసుకోవాలన్న తహతహ ఆగకపోతే మెమరీ కార్డును బయటే తీసుకుని జేబులో వేసుకోండి. చలిలో బ్యాటరీలోని రసాయన చర్య మందగిస్తుంది కాబట్టి, నిండుగా ఉన్నది కూడా కాసేపట్లోనే ఖాళీ అయినట్టు చూపిస్తుంది. దాన్ని పారేయకండి, చొక్కా లోపలి జేబులో ఒంటి వేడికి ఉంచితే మళ్ళీ కొంత పనిచేస్తుంది. కనీసం మూడు బ్యాటరీలు మార్చి మార్చి వాడాలి. లెన్సు మీద ఊదవద్దు, ఊపిరి అక్కడే గడ్డకడుతుంది. లోహపు ట్రైపాడ్ కాళ్ళను వట్టి చేత్తో పట్టుకోవద్దు.

బట్టల సంగతి?

కాటన్ వద్దు, చెమట పీల్చుకుని ఆరదు. ఒంటికి ఆనుకుని ఉన్ని, మధ్యన ఫ్లీస్ లేదా మరో ఉన్ని పొర, పైన గాలిని ఆపే కోటు. హైదరాబాద్‌లో కొన్న లావుపాటి జాకెట్ ఒక్కటి కంటే ఇక్కడ సెకండ్‌హ్యాండ్ దుకాణంలో కొన్న మూడు పొరలు వెచ్చన. పల్చటి గ్లవ్స్ వేసుకుని, వాటి మీద వేళ్ళు కలిసి ఉండే పెద్ద తొడుగులు వేసుకుంటే, మీటలు నొక్కేటప్పుడు పై తొడుగు మాత్రం తీస్తే సరిపోతుంది. ఫోటోగ్రాఫరు నడవడు, నిలబడతాడు. అందుకే బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకుని రెండు జతల మేజోళ్ళు వేయాలి.

సామీ ప్రజలనూ, రెయిన్‌డీర్లనూ ఫోటో తీయవచ్చా?

అడిగి తీయాలి, వద్దంటే మానాలి. ఇది మర్యాద మాత్రమే కాదు, దీని వెనక చరిత్ర ఉంది. 1922లో ఉప్సలాలో స్వీడన్ ప్రభుత్వం జాతి జీవశాస్త్ర సంస్థను తెరిచింది. హెర్మన్ లుండ్‌బోర్గ్ నాయకత్వంలో ఆ సంస్థవారు ఉత్తరాదికి వచ్చి, సామీల పుర్రెలు కొలిచి, పిల్లలనూ పెద్దలనూ నిలబెట్టి, కొందరిని బట్టలు విప్పించి ఫోటోలు తీశారు. ఆ ఫోటోలు ఆర్కైవుల్లో ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో తమ అవ్వనో తాతనో గుర్తుపట్టినవారు ఉన్నారు. మన చేతిలో కెమెరా చూడగానే ఒక ముసలావిడ ముఖం తిప్పుకుంటే దానికి కారణం సిగ్గు అనుకోకూడదు.

యోక్‌మోక్‌లో 1605 నుంచి ఫిబ్రవరి సంత జరుగుతోంది. నెలలో మొదటి గురువారం మొదలై శనివారం దాకా ఉంటుంది. అక్కడ దువోజి, అంటే సామీ హస్తకళ, అమ్ముతున్న ఒకావిడను ఫోటోకు అడిగితే తల అడ్డంగా ఊపి, బల్ల మీది చేతి తొడుగులను చూపించి వాటిని ఫోటో తీసుకోమన్నారు. ఆ సంతలో నేను తీసిన వాటిలో ఇప్పటికీ దాచుకున్నది ఆ తొడుగుల ఫోటోయే. సామీల సంప్రదాయ దుస్తు గాక్తి పండుగకూ పెళ్ళికీ చావుకూ వేసుకునే బట్ట, వేషం కాదు. దాన్ని అరువడిగి వేసుకుని సెల్ఫీ తీసుకోవడం తగదు. "లాప్" అన్న పాత మాట వారికి తిట్టు, వాడకండి.

రెయిన్‌డీర్లు అడవిలో విడిగా కనిపించినా ప్రతిదానికీ యజమాని ఉంటాడు, చెవి కోతను బట్టి ఎవరిదో తెలుస్తుంది. మంద ఎదురైతే ఆగి, కూర్చుని, పొడవు లెన్సుతో తీయండి; వెంటపడితే అవి మంచులో పరుగెత్తి, చలికాలానికి దాచుకున్న శక్తి పోగొట్టుకుంటాయి. ఈనే కాలమైన మే నెలలో దగ్గరకే వెళ్ళవద్దు. మీకు ఎన్ని రెయిన్‌డీర్లు ఉన్నాయని అడగడం, మీ బ్యాంకులో ఎంత ఉందని అడగడంతో సమానం.

వీధిలో మనుషులను, ఇళ్ళను తీయడానికి చట్టం ఒప్పుకుంటుందా?

బహిరంగ స్థలంలో తీయడం రెండు దేశాల్లోనూ సాధారణంగా నేరం కాదు. అయితే నార్వేలో, ఫోటోలో ప్రధానంగా ఉన్న వ్యక్తి అనుమతి లేకుండా దాన్ని ప్రచురించకూడదన్న నియమం ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడం కూడా ప్రచురణే. స్వీడన్‌లో 2013 జూలై నుంచి ఇంట్లోనో బట్టలు మార్చుకునే గదిలోనో ఉన్న మనిషిని రహస్యంగా తీయడం నేరం. చలికాలపు సాయంత్రం కిటికీలో నక్షత్రపు దీపం, లోపల పుస్తకం చదువుకుంటున్న మనిషి, చూడటానికి చాలా అందంగా ఉంటుంది. తీయకండి. ప్రవేశం, ఫోటోలు నిషిద్ధమని పసుపు బోర్డు ఉన్న సైనిక, రక్షిత స్థలాల దగ్గర కెమెరా సంచిలోనే ఉండాలి.

డ్రోన్ తీసుకెళ్ళవచ్చా?

కెమెరా ఉన్న డ్రోన్ 250 గ్రాముల లోపు ఉన్నా నడిపేవారు నమోదు చేసుకోవాలి, 120 మీటర్ల ఎత్తు దాటకూడదు. స్వీడన్ జాతీయ ఉద్యానాల్లో చాలావాటిలో నిషేధం ఉంది, రెయిన్‌డీర్లు దాని చప్పుడుకు బెదురుతాయి, చలిలో బ్యాటరీ నమ్మకం లేదు. నా మాట వింటే ఇంట్లో ఉంచండి.

ఎక్కడైనా గుడారం వేసుకోవచ్చని విన్నాం, నిజమేనా?

చాలావరకు నిజం. సాగు చేయని నేల మీద ఎవరైనా నడవవచ్చు, ఒకటి రెండు రాత్రులు ఉండవచ్చు అన్న హక్కును స్వీడన్‌లో అలెమన్స్‌రెట్టెన్ అంటారు. నార్వేలో దీనికి 1957 నాటి చట్టం ఉంది, మనుషులు ఉంటున్న ఇంటికి 150 మీటర్ల లోపు గుడారం వేయకూడదని అది చెబుతుంది. జాతీయ ఉద్యానాలకు వేరే నియమాలు ఉంటాయి. అబిస్కోలో కేటాయించిన చోట్ల మాత్రమే వేయాలి. బతికున్న చెట్టు కొమ్మ విరవకూడదు. నార్వేలో ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా అడవిలోనూ దాని దాపునా నిప్పు రాజేయడం నిషేధం.

తిండి ఎలా?

హాస్టళ్ళలో వంటగది ఉంటుంది. బియ్యం, కందిపొడి, కారప్పొడి, ఒక ఆవకాయ సీసా ఉంటే నాలుగు రోజులు గడిచిపోతాయి. నార్విక్‌లో ఒక్క పూట హోటల్ భోజనానికి అయ్యే డబ్బుతో అబిస్కోలో రెండు రోజులు వండుకోవచ్చు. నెయ్యి, పాలకోవా మాత్రం ఊరి నుంచి తేవద్దు: ఐరోపా సమాఖ్య బయటి నుంచి పాల, మాంస పదార్థాలను సామానులో తేవడం నిషేధం, విమానాశ్రయంలో తీసి పారేస్తారు.

నార్వే తీరంలోని లోఫోటెన్ దీవుల దాకా వెళ్ళడం విలువైనదేనా?

ఐదు రోజులు ఉంటే విలువైనదే, రెండు రోజులకైతే కాదు. సముద్రపు వెచ్చదనం వల్ల అక్కడ చలికాలంలోనూ ఉష్ణోగ్రత సున్నా చుట్టూ తిరుగుతుంది, ఫలితంగా మంచుతో పాటు వానా గాలీ కూడా ఉంటాయి. ఫిబ్రవరి నుంచి మే దాకా చెక్క పందిళ్ళ మీద కాడ్ చేపలు జంటలుగా వేలాడుతూ ఎండుతుంటాయి. రేయ్నె, హామ్‌నోయ్ ఊళ్ళలోని ఎర్ర గుడిసెల కంటే నాకు ఆ పందిళ్ళే మంచి ఫోటోలు ఇచ్చాయి. రేయ్నెబ్రింగెన్ కొండకు నేపాల్ షెర్పాలు రాతి మెట్లు కట్టారు, దాదాపు రెండు వేలు. అలిపిరి మెట్లు 3550 ఎక్కినవారికి లెక్క చిన్నదే అనిపిస్తుంది గానీ, ఇక్కడ నిట్టనిలువు, పట్టుకోవడానికి గోడ లేదు. చలికాలంలో కొండ మీది మంచు ఒక్కసారిగా జారిపడే ప్రమాదం ఉంటుంది కనుక ఎక్కకూడదు.

ఏ ప్రమాదాల గురించి ముందే తెలిసి ఉండాలి?

గడ్డకట్టిన సరస్సు. నడవడానికి కనీసం 10 సెంటీమీటర్ల గట్టి మంచుగడ్డ ఉండాలి. వాగు కలిసే చోట, ఇరుకు దారుల్లో అది పల్చగా ఉంటుంది. గడ్డ విరిగి నీళ్ళలో పడితే పట్టు దొరికించుకుని పైకి రావడానికి స్థానికులు మెడలో వేసుకునే మంచు మేకులు ఇక్కడి క్రీడా దుకాణాల్లో దొరుకుతాయి, కొనుక్కోండి. నార్వేలో కొండ వాలుల కిందికి వెళ్ళే ముందు మంచు జారిపడే ప్రమాదాన్ని హెచ్చరించే వర్సోమ్ అనే సేవను చూడాలి. స్వీడన్‌లో ఏ అత్యవసరానికైనా 112. నార్వేలో వైద్యానికి 113, పోలీసుకు 112, అగ్నిమాపక దళానికి 110. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్ని గంటలకు వస్తారో హాస్టల్ కౌంటర్‌లో చెప్పి వెళ్ళండి.

కిరునా నుంచి నార్విక్ వెళ్ళే రైల్లో ఏ వైపు కూర్చోవాలి?

కుడి వైపు. టోర్నెట్రెస్క్ సరస్సు అటే ఉంటుంది, సరిహద్దు దాటి రైలు కిందికి దిగుతుండగా రోంబాక్ ఫియోర్డ్ కూడా అటే లోయలో కనిపిస్తుంది. లాపోర్టెన్ అనే, దూలం విరిగిన వాకిలిలాంటి కొండల సందు మాత్రం అబిస్కో దగ్గర ఎడమ వైపు వస్తుంది కనుక ఆ కాసేపు లేచి నిలబడాలి. కిటికీ అద్దంలో పెట్టె దీపాలు ప్రతిఫలించకుండా, నల్ల మఫ్లరును లెన్సు చుట్టూ చుట్టి అద్దానికి ఆనించి పట్టుకోండి. అద్దం బయట మురికిగా ఉంటే తుడవడానికి కుదిరేది అబిస్కోలో రైలు ఆగినప్పుడే, అదీ ఒకటి రెండు నిమిషాలే. కండక్టరుకు చెప్పకుండా దిగకండి.